ఎన్ని ఉంటయ్ ఆడ?

మా బాపుకి ఫోన్‌లో టైపు చేయడం రాదు. నేను ఏది పంపినా ఒక బొటనవేలు వస్తుంది. మనవరాలి ఫోటో అయితే రెండు చేతుల దండం. అంతకు మించి వాట్సాప్‌తో ఆయనకు పని లేదు. అలాంటి మనిషి, మొన్న ఈస్టర్ సెలవుల్లో నేను పంపిన ఒక వీడియో చూసి వాయిస్ మెసేజ్ పెట్టాడు. మూడు సెకన్లు.

"ఎన్ని ఉంటయ్ ఆడ?"

వీడియోలో ఉన్నది మా అమ్మాయి. దానికి ఏడేళ్ళు. మారిషస్ దీవిలో గంగా తలావ్ అనే చెరువు ఒడ్డున మెట్ల మీద కూర్చుని, ఒలిచిన అరటిపండు ముక్కని అరచేతిలో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఉంటుంది. గోడ మీంచి ఒక కోతి దిగి వస్తుంది. పొట్టకి పిల్ల కరుచుకుని ఉంటుంది. ఆ తల్లి కోతి మా అమ్మాయి మణికట్టుని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పండు తీసుకుని, తొందరేమీ లేకుండా వెళ్ళిపోతుంది. మా అమ్మాయి కెమెరా వైపు తిరిగి "డాడీ, షీ హెల్డ్ మై హ్యాండ్!" అని అరుస్తుంది. ఇరవై రెండు సెకన్లు. ఫ్యామిలీ గ్రూపులో పెడితే పదిహేను హార్టులొచ్చాయి. మా అత్తమ్మ "సాక్షాత్తూ ఆంజనేయస్వామే" అని రాసింది.

నేను హుషారుగా "చెట్టుకి పది ఉంటాయి బాపూ" అని జవాబు పెట్టాను. హోటల్‌కి వచ్చి స్నానం చేస్తుంటే తట్టింది. ఆయన అడిగింది ఆ లెక్క కాదు.

మేం ఉండేది ఐర్లండ్‌లో, డబ్లిన్‌కి ఉత్తరాన యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న డ్రోహెడాలో. బోయిన్ నది సముద్రంలో కలవడానికి కాస్త ముందు ఈ ఊరు దాటుకుని వెళ్తుంది. ఏప్రిల్‌లో కూడా జాకెట్ లేకుండా బయటకి పోలేం. చలికాలం నాలుగు నెలలు నేను చీకట్లో స్టేషన్‌కి పోయి, చీకట్లో ఇంటికొస్తాను. అందుకే మా ఆవిడ రెండేళ్ళు డబ్బులు పక్కన పెట్టి, దుబాయ్ మీదుగా మారిషస్‌కి టికెట్లు కొంది. సెలవులకి ఇండియా కాకుండా ఇంకెక్కడికైనా వెళ్ళడం మాకు ఇదే మొదటిసారి. ఆ మాట బాపుకి చెప్పేటప్పుడు కొంచెం నసిగాను. ఆయన మాత్రం "మంచిదే, పోయి రాండ్రి" అని ఊరుకున్నాడు.

ఇంకో సంగతి. మా అమ్మాయికి కోతి అంటే బొమ్మల పుస్తకంలో ఉండే జంతువు. ఐర్లండ్‌లో అడవి కోతులు లేవు. డబ్లిన్ జూలో చూడొచ్చు. లేదంటే డబ్లిన్‌లోనే కిల్డేర్ స్ట్రీట్‌లో, ఒకప్పుడు పెద్దమనుషుల క్లబ్బుగా ఉన్న భవనం కిటికీ స్తంభాల అడుగున, బిలియర్డ్స్ ఆడుతున్న రాతి కోతుల్ని చూడొచ్చు. లంచ్ టైంలో ఒకసారి దాన్ని తీసుకెళ్ళి చూపించాను కూడా. "ఇవి నిజంగా ఉంటాయా?" అంది. అందుకే మారిషస్‌లో మా ప్రోగ్రాంలో బీచ్ తర్వాత రెండో ఐటం కోతులే.

అక్కడ కోతులు బీచ్ హోటళ్ళ దగ్గర పెద్దగా కనపడవు. దీవి నైరుతి మూలకి, కొండలెక్కాలి. 1994లో నేషనల్ పార్కుగా ప్రకటించిన బ్లాక్ రివర్ గోర్జెస్ అడవి ఉంది, అందులో లోయ కనిపించే వ్యూపాయింట్ దగ్గర రెయిలింగుల మీదే కూర్చుని ఉంటాయి. షమరెల్ వైపు ఘాట్ రోడ్డులో కనిపిస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా గంగా తలావ్ దగ్గర. గ్రాండ్ బాసాన్ అని దాని పాత పేరు. అగ్నిపర్వతం చల్లారిన బిలంలో నిండిన చెరువు. అక్కడి హిందువులకి అదే గంగ. శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ లక్షల మంది కావడి మోసుకుంటూ నడిచొస్తారట. దారిలో నూట ఎనిమిది అడుగుల శివుడి విగ్రహం. గుళ్ళలో జనం పెట్టే కొబ్బరి, అరటిపండ్లు, ఇంకేం కావాలి కోతులకి? శ్రీశైలం ఘాట్‌లో, తిరుమలలో, యాదగిరిగుట్టలో ఉన్నట్టే. చిన్నప్పుడు శ్రీశైలం బస్సు మన్ననూరు దాటాక కిటికీలోంచి పుట్నాలు విసిరిన జ్ఞాపకం నాకుంది. పక్క సీటు ఆయన "వెయ్యి నాయనా, పుణ్యం" అన్నాడు. ఆ పక్కనే కూర్చున్న బాపు నా చేతిలోంచి పొట్లం లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పిసినారితనం అనుకున్నాను అప్పుడు.

మా టాక్సీ డ్రైవరుకి అరవై దాటి ఉంటాయి. డాష్‌బోర్డు మీద చిన్న వెంకటేశ్వరస్వామి పటం. నేనూ మా ఆవిడా వెనక సీట్లో మాట్లాడుకుంటుంటే అద్దంలోంచి చూసి "తెలుగూ?" అన్నాడు. ఔనన్నాం. "నేనూ తెలుగే" అన్నాడు. ఆ రెండు మాటల తర్వాత మేం ఇంగ్లీషులోకి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన ఇంట్లో మాట్లాడేది క్రియోల్. బళ్ళో తెలుగు క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాడు, కూడబలుక్కుని చదవగలడు. రామభజనం పాటలు మాత్రం గడగడా వచ్చు. ఒకటి పాడాడు కూడా. పాటలో రెండు చోట్ల ఆ మాటకి అర్థమేమిటని మమ్మల్నే అడిగాడు. ఒకటి చెప్పగలిగాం.

వాళ్ళ పెద్దలు ఏ ఊరి నుంచి వచ్చారో ఆయనకి తెలియదు. కోరంగి నుంచి ఓడ ఎక్కారని మాత్రం తెలుసు. మారిషస్‌లో తెలుగువాళ్ళని ఒకప్పుడు కోరంగీలు అనేవాళ్ళట. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు అది. 1834 నుంచి మొదలుపెట్టి బ్రిటిష్ వాళ్ళు చెరుకు తోటల్లో పనికి మనవాళ్ళని ఒప్పందాల మీద ఓడల్లో తెచ్చి దించారు. వాళ్ళు దిగిన చోటు, పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఒకటి. ఇంట్లో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తామన్నాడాయన. సింహాచలం ఎంత దూరమో, ఎలా ఉంటుందో మమ్మల్ని అడిగాడు. మాది అటువైపు కాదు, నేను జన్మలో వెళ్ళలేదు. అయినా నెట్‌లో చూసి ఫోటో తీసి చూపించాను. చాలాసేపు చూశాడు.

అరటిపండు ఎపిసోడ్ అయ్యాక కారెక్కితే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయితో, దానికి అర్థమయ్యే నెమ్మది ఇంగ్లీషులో అన్నాడు: "పాపా, నువ్వు ఇవాళ ఆ తల్లికి ఒక పాఠం నేర్పావు. పిల్లకోతి చూసింది. రేపటి నుంచి అది నా దొడ్లోకి వచ్చి చెయ్యి చాపుతుంది."

క్రియోల్‌లో కోతిని జాకో అంటారు. ఆయన దొడ్లో లిచీ చెట్టుంది. చెట్టంతా వల కప్పుతాడు. జాకోలు వల చింపి, పండినవీ పండనివీ కొరికి కింద పడేస్తాయి. తినేది పావు వంతు, పారేసేది ముప్పావు. ఆయన తండ్రికి చెరుకు ఉండేది, కొద్దిగా. చెరుకుగడని ఎలా విరిచి ఎక్కడ నములుతాయో చేతులు స్టీరింగ్ మీంచి తీసి మరీ చూపించాడు. నాకు భయమేసింది, ఘాట్ రోడ్డది.

"అయితే ఏం చేస్తారు?" అన్నాను.

"బోను. ఒకతను వచ్చి బోను పెట్టి పట్టుకుపోతాడు."

"ఎక్కడికి?"

ఆయన చెయ్యి విమానంలా లేపాడు. "అమెరికా."

ఇది ఆయన జోక్ అనుకున్నాను. కాదు. ఆ రాత్రి హోటల్లో కూర్చుని చదివాను. ఈ కోతులు అక్కడివి కావు. పొడుగు తోక మకాక్ అంటారు, ఆగ్నేయాసియాది. నాలుగు వందల ఏళ్ళ కిందట పోర్చుగీసు నావికులో డచ్చివాళ్ళో ఓడలో తెచ్చి వదిలారు. మనిషి తప్ప ఇంకే కోతిజాతీ ఆ దీవికి తనంతట తాను చేరలేదు (మనిషి కూడా ఓడలోనే). డచ్చివాళ్ళు 1710లో దీవి ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వాళ్ళ పంటల్ని పాడుచేసిన వాటిలో ఎలుకలతో పాటు కోతులూ ఉన్నాయి. కోతులు మాత్రం ఉండిపోయాయి. డోడో పక్షి గుడ్లు తిన్న పాపంలో కూడా వీటికి వాటా ఉందంటారు. మొదట వచ్చినవి కొన్నే కాబట్టి, ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే కాబట్టి, వాటి జన్యువుల్లో తేడాలు తక్కువ. బయటి కోతులతో కలవలేదు కాబట్టి కొన్ని వైరస్‌లు వీటిలో లేవు. ఈ రెండు కారణాల వల్ల మందుల ప్రయోగశాలలకి ఇవి బాగా కావాలి. ప్రయోగాల కోసం కోతుల్ని ఎగుమతి చేసే దేశాల్లో మారిషస్ ముందు వరసలో ఉంది. ఎగుమతయ్యే ప్రతి కోతి మీదా కొంత రుసుము ప్రకృతి పరిరక్షణ నిధికి పోతుంది. ఆ నిధి ఎవరి కోసమంటే, ఇంకెవరి కోసం, ఆ దీవిలో మాత్రమే ఉండే పక్షుల కోసం. వాటి గూళ్ళలో గుడ్లు తినేది ఈ కోతులే. మారిషస్ డేగ 1974లో అడవిలో నాలుగంటే నాలుగే మిగిలిందట. పదమూడేళ్ళుగా కోడ్ రాస్తున్నాను, ఇంత పకడ్బందీగా మూసుకున్న లూప్ ఎక్కడా చూడలేదు.

ఇంకా ఉంది. ఇదే పొడుగు తోక మకాక్‌ని 2022లో ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. పుట్టింట్లో కొడిగట్టిపోతోంది. చేరిన చోట బోనులో పడుతోంది.

మర్నాడు వ్యూపాయింట్ దగ్గర ఒక కోతి ఒక పెద్దావిడ సంచీలోంచి చిప్స్ ప్యాకెట్ లాక్కుని రెయిలింగ్ ఎక్కింది. ప్యాకెట్‌ని మనలాగే రెండు చేతులతో లాగి తెరిచింది. అందరూ నవ్వారు, ఫోటోలు తీశారు. నేనూ ఫోన్ ఎత్తాను. ఆ లోయ, కింద జలపాతం, దూరంగా సముద్రం, ముందు ఆ కోతి. ఫ్రేము నిజంగా బావుంది. తీశాను. ఎవరికీ పంపలేదు.

మా ఊరు జనగామకి దగ్గర్లో. ఊరికి పడమర ఒక గుట్ట, గుట్ట కింద మా చెలక, రెండెకరాల ఇరవై గుంటలు. నా చిన్నతనంలో అందులో పల్లికాయ, మక్కజొన్న, గట్ల మీద కంది, బావి పక్కన బెండ, టమాట, బీరపాదుకి పందిరి. గుట్ట మీద కోతులుండేవి. ఎప్పుడైనా దిగేవి, అమ్మ డబ్బా కొడితే పోయేవి. గుట్ట మీద వాటికి తిండి ఉండేది: సీతాఫలం, తునికి, మేడి, రేగు. ఆ కోతులు నాకు బాగా గుర్తు. పొడుగు తోక, నడినెత్తిన పాపిట తీసి దువ్వినట్టు జుట్టు. వాటిని బోనెట్ మకాక్ అంటారని ఇంజనీరింగ్ అయ్యాక ఎక్కడో చదివాను.

తర్వాత గుట్టని దొలవడం మొదలైంది. గ్రానైట్ రాయి. నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పటి సంగతి. సెలవులకి వచ్చినప్పుడల్లా గుట్ట ఒక పక్క కొంచెం తగ్గి ఉండేది. దాదాపు అదే రోజుల్లో కొత్త కోతులొచ్చాయి. ఎర్ర మొహం, ఎర్ర పిర్రలు, పొట్టి తోక. రీసస్ జాతివి. ఒకప్పుడు గోదావరికి ఉత్తరాన ఎక్కువగా ఉండేవి, ఇప్పుడు కిందికి కిందికి దిగుతున్నాయి, పాత కోతుల్ని నెట్టేస్తూ. మా ఊళ్ళో వాళ్ళ థియరీ వేరే. పట్నంలో పట్టిన కోతుల్ని రాత్రిపూట లారీల్లో తెచ్చి మా రోడ్డు మీద దింపి పోయారంటారు. బాపు ఎప్పుడూ అనేది ఒకటే: "ఇవి మన కోతులు గావు. వీటికి భయం లేదు."

మొదట పల్లి పోయింది. గింజ వేసిన రోజు నుంచే తవ్వుకు తినేవి. మంచె కట్టాడు. పొద్దున అమ్మ, మధ్యాహ్నం బాపు కాపలా. మనిషి అన్నం తినడానికి కూర్చునే టైము వాటికి తెలుసు. చీరల కంచె కట్టాడు. కొండెంగ బొమ్మ ఫ్లెక్సీ పెడితే రెండు రోజులు జంకాయి, మూడో రోజు దాని మీదే కూర్చున్నాయి. గులేరు పట్టాడు. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ వేసి పేల్చేది కొన్నాడు, చెవి ఒకటి సరిగ్గా వినపడటం మానేసింది. తర్వాత మక్క మానేశాడు. తర్వాత కూరగాయలు. ఇప్పుడు చెలకంతా పత్తి. పత్తిని కోతి తినదు. మనిషీ తినడు. ఇంట్లోకి బెండకాయలు, టమాటలు జనగామ నుంచి కొనుక్కొస్తారు. రైతు ఇంట్లో కూరగాయలు కొనడానికి నేను ఐర్లండ్ నుంచి డబ్బులు పంపిస్తాను. ఈ వాక్యం రాసి రెండుసార్లు చెరిపేశాను. ఉండనిస్తున్నాను.

మూడేళ్ళ కిందట ఇండియా వెళ్ళినప్పుడు ఆయనతో వాదన పెట్టుకున్నాను. అప్పటికి నేను చాలా వ్యాసాలు చదివి ఉన్నాను. "అడవిని మనమే కొట్టేశాం కదా బాపూ, అవి మాత్రం ఎక్కడికి పోతాయి?" అన్నాను. ఆయన పత్తి కట్టె విరుస్తూ తల ఎత్తకుండా అన్నాడు: "మనమంటే ఎవరు? గుట్ట నేను దొలిచిన్నా?" దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పుడే నిర్మల్ దగ్గరి కేంద్రం గురించి చెప్పాను. 2020 డిసెంబరులో చించోలిలో కోతుల కోసం పునరావాస కేంద్రం తెరిచారు. పట్టుకొచ్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, తిరిగి అడవిలో వదులుతారు. హిమాచల్‌లో అంతకు ముందు నుంచే చేస్తున్నారు. బాపు శ్రద్ధగా విన్నాడు. "ఆపరేషన్ అయిన కోతి పల్లికాయ తినదా?" అన్నాడు. అమ్మ ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆయన నవ్వలేదు, నిజంగానే అడిగాడు. పుట్టేవి తగ్గి, ఉన్నవి చచ్చేదాకా, అంటే పది పదిహేనేళ్ళు, ఈలోగా చెలక ఎవరు చేయాలి అని ఆయన ప్రశ్న. ఆయనకి అరవై ఎనిమిది.

అమ్మేద్దాం అని ఆ పర్యటనలోనే అన్నాను. ప్లాట్లు చేసేవాళ్ళు ఇద్దరు అడిగారు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఇప్పటికీ అంతే.

ఇదంతా తెలిసిన వాణ్ణి, వేల కిలోమీటర్లు ఎగిరిపోయి, కూతురి చేతిలో పండు పెట్టి, కోతి రాగానే కెమెరా ఆన్ చేసి, దాన్ని ఎవరికి పంపించాను? ఆయనకి. అడగాల్సినంతే అడిగాడు. ఎన్ని ఉంటయ్ ఆడ. ఆయన కోతుల్ని లెక్కపెట్టే మనిషి. పొద్దున్నే చెలకకి పోగానే చేసే పని అదే. లెక్క తెలిస్తే ఎంత పోతుందో అంచనా వస్తుంది.

హోటల్ నుంచే ఫోన్ చేశాను. సారీ చెప్పాలనుకున్నాను గానీ బాపుకి నేను ఎన్నడూ సారీ చెప్పలేదు, మాకు అలవాటు లేదు. బదులుగా డ్రైవర్ లిచీ చెట్టు గురించి చెప్పాను. ఆయన గొంతు వెంటనే మారిపోయింది. వల ఏ రకం? కన్ను ఎంత సైజు? బోనులో ఏం పెడతరు? చెరుకు మొదలు కొరుకుతయా, కొసనా? నాకు సగం తెలియదు. మర్నాడు డ్రైవర్ని అడిగి చెప్తానన్నాను. అడిగాను. ఆయన కారు పక్కకి ఆపి, కాగితం మీద బోను బొమ్మ గీసి ఇచ్చాడు, తలుపు ఎలా పడుతుందో బాణం గుర్తులతో సహా. "మీ నాన్నగారు తెలుగులో బోనుని ఏమంటారు?" అని అడిగాడు. "బోనే" అన్నాను. కాగితం కింద ఎడమ మూలలో, కూడబలుక్కుంటూ, తెలుగు అక్షరాల్లో రాశాడు. ఫోటో తీసి బాపుకి పంపాను. రెండు చేతుల దండం వచ్చింది.

డ్రోహెడా తిరిగొచ్చాక మా అమ్మాయి స్కూల్లో కోతి గురించి చెప్పింది. "ఐర్లండ్‌లో కోతులు ఎప్పుడూ లేవు" అని ఒక పిల్లాడన్నాడట. ఉండేవా లేవా అని నా ప్రాణం తీసింది. వెతికితే నాకే నోట మాట రాలేదు. మా ఇంటి నుంచి గంటంబావు డ్రైవ్‌లో, నార్తర్న్ ఐర్లండ్‌లో ఆర్మా పట్నం పక్కన, నవన్ ఫోర్ట్ అని ఒక గడ్డి దిబ్బ ఉంది. అల్‌స్టర్ రాజుల పాత రాజధాని, ఎవిన్ మాహా. 1960ల్లో తవ్వితే అక్కడ ఒక బార్బరీ కోతి పుర్రె దొరికింది. ఉత్తర ఆఫ్రికాలో ఉండే కోతి. క్రీస్తుకి ముందు 390కీ 20కీ మధ్య కాలానిదని తేల్చారు. ఎవరో ఏ రాజుకో కానుకగా ఓడలో తెచ్చి ఉంటారు.

మొన్న శనివారం వెళ్ళాం. పోయినేడు ఐరిష్ పాస్‌పోర్ట్ వచ్చింది కాబట్టి వెళ్ళగలిగాం, ఇండియన్ పాస్‌పోర్ట్ మీదైతే ఆ గంటంబావు ప్రయాణానికి వేరే వీసా కావాలి. రోడ్డు మీద సరిహద్దు గీత కూడా కనపడదు, వేగం బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్ళకి మారతాయి, అంతే. దిబ్బ ఎక్కాం. గాలి, సన్నటి జల్లు, చుట్టూ పచ్చగా పొలాలు, గొర్రెలు. మా అమ్మాయి జిప్పు గడ్డం దాకా లాక్కుని "దానికి చలేసి ఉంటుంది" అంది. కాసేపటికి "ఇక్కడ పండ్లు ఎవరిచ్చేవాళ్ళు?" అంది. తెలియదన్నాను. "ఒక్కతేనా?" అంది. పుర్రె అయితే ఒకటే దొరికింది అన్నాను.

ఆదివారం బాపుకి వీడియో కాల్ చేస్తే మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "తాతా, నీ మంకీస్ చూపించు" అంది తెలుగులో, దానికి వచ్చిన తెలుగులో. నేను అడ్డం పడబోయాను. ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

చెలక దగ్గర ఎండ మండిపోతోంది. పత్తి కట్టెలు పీకేసిన నేల. సగం మిగిలిన గుట్ట. ఫోన్ ఊగుతూ ఊగుతూ బావి గోడ దగ్గర ఆగింది. అక్కడ వరసగా కూర్చుని ఉన్నాయి.

"గా చివరి దాన్ని చూడు బిడ్డా. దానికి ఒక చెయ్యి లేదు. కరెంటు తీగ పట్టుకున్నది."

"నొప్పి పుట్టిందా?"

"పుట్టదా మరి? నెల రోజులు గీ మర్రి మీదికెల్లి దిగలే. దాన్ని నేనేమనను. అది వస్తే ఒక మూల తిని పోతది." తర్వాత ఒక్కొక్కటీ చూపిస్తూ పోయాడు. ఇది పెద్ద మగది, ఇది దాని వెనక తిరిగేది, ఇది కొత్తగా ఈనింది, పిల్ల ఇంకా కండ్లు సరిగ్గ తెరవలే. మా అమ్మాయి ప్రతిదానికీ పేరు అడిగింది. పేర్లు పెట్టలేదన్నాడు. అయితే నేను పెట్టనా అంది. పెట్టు అన్నాడు. చెయ్యి లేనిదానికి రోజీ అని పెట్టింది. ఆయన "రోజీ" అని పలికి చూసుకున్నాడు.

"ఎన్ని ఉన్నాయి తాతా మొత్తం?"

"నిన్న ముప్పై నాలుగు. ఇయాల ముప్పై ఒకటి."

"మిగతా మూడు ఎక్కడ?"

ఆయన జవాబు చెప్పేలోపే అవతల, బావి దగ్గరి జామచెట్టులో కొమ్మ విరిగిన చప్పుడు వినిపించింది. చెలకలో మిగిలిన ఒకే ఒక్క పండ్ల చెట్టది, అమ్మ పెట్టింది. బాపు ఒక్క క్షణం స్క్రీన్ వైపు, మా అమ్మాయి మొహం వైపు చూశాడు. ఫోన్ తిప్పేశాడు. గట్టు మీద బోర్లా పెట్టాడనుకుంటా, మాకు నల్లటి తెర తప్ప ఏమీ కనపడలేదు. గులేరు రబ్బరు సాగి వదిలిన చప్పుడు. ఇంకోసారి. కీచుమని ఒక అరుపు, తర్వాత ఆకుల మీంచి బరువైనవి దూకిన చప్పుళ్ళు.

"తాతా! నాకేం కనిపించట్లేదు!"

కొంచెం ఆయాసపడుతూ ఆయన గొంతు దూరం నుంచి వచ్చింది.

"సిగ్నల్ లేదు బిడ్డా."